చెరువు నుంచి రాని కబురు

ముసురు పట్టి వదలడం లేదు. అలాంటి రోజుల్లో రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుందో చెప్పలేం. పడిపోతే చెరువు రైతు సత్తియ్య ఫోన్ మోగించాల్సిన పెట్టె మూగబోయింది. ఆ పెట్టె కృపారాణిది.

రామచంద్రపురంలో ఇంటి ముందుగదే ఆమె ఆఫీసు. చెరువు నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే పెట్టెలు తయారుచేసి, ప్రోగ్రాం రాసి, చుట్టుపక్కల రైతులకు అమర్చుతుంది. పెట్టె కొలిచిన అంకె గట్టు మీది షెడ్డులో ఉన్న కేబుల్ ఇంటర్నెట్ గుండా ఆమె సర్వర్‌కి చేరాలి, అక్కణ్ణుంచి రైతు ఫోన్ మోగాలి.

ఏది పాడైనా ముందు తననే అనుమానించుకునే మనిషి. చర్చిలో పాట శ్రుతి తప్పినా తన గొంతే అనుకుంటుంది. షెడ్డులో యూట్యూబ్ చక్కగా వస్తోంది కనుక లైను బాగానే ఉందని, తప్పు ప్రోగ్రాములోనే ఉందని తీర్మానించుకుంది. దిద్దింది. అంకె రాలేదు. మళ్ళీ దిద్దింది. అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచింది. చివరికి కేబుల్ తీసేసి పెట్టెను తన ఫోన్ ఇంటర్నెట్‌కి కలిపి చూసింది. అప్పుడూ రాలేదు. ఇక తప్పు తనదేనని ఖాయమైపోయింది.

సత్తియ్య నిద్ర మానుకుని గట్టు మీదే తిరుగుతున్నాడు. “ఈ పెట్టె పట్టుకుపోమ్మా. దీన్ని నమ్ముకునే కంటే నా కళ్ళే నయం,” అన్నాడు.

విప్పబోతూ ఆగింది. అతని బావమరిది వాడకుండా పడేసిన పాత పెట్టె ఒకటి షెడ్డు మూలన ఉంది. దానిలో ప్రోగ్రాం ఆమె మొదట రాసినట్టే ఉంది. కేబుల్‌కి తగిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. ఫోన్‌కి కలపగానే సర్వర్‌లో అంకె పడింది. మొదట అడ్డుపడింది లైనే. బాగున్న ప్రోగ్రాంని దిద్ది దిద్ది పాడుచేసింది మాత్రం తను.

కేబుల్ బుల్లబ్బాయిని పిలిపించింది.

“యూట్యూబ్ వస్తంది కదండీ, నెట్ లేదంటారేంటి?”

పాత పెట్టెను రెండు రకాలుగానూ తగిలించి చూపించింది. వెబ్‌సైట్లు వెళ్ళే దారి వేరని, పెట్టె కబురు వెళ్ళే దారి వేరని, ఈ రెండోదాన్ని ఎవరో మూశారని చెప్పింది. అతను పై కంపెనీకి ఫోన్ చేసి, గొంతు తగ్గించుకుని వచ్చాడు. మొన్న ఏవో మార్పులు చేశారట, తెరిపించాలంటే వారం పడుతుందట.

“నాకూ చెప్పలేదండి,” అన్నాడు.

చెరువు వారం ఆగదు. ఆమె మొదటి ప్రోగ్రామునే మళ్ళీ ఎక్కించి, కబురును వెబ్‌సైట్ల దారికి మళ్ళించింది. అంకె వచ్చింది.

ఇంటికొచ్చాక కూడా కుదురు లేదు. తెర మీద అంకె తగ్గుతూ ఉంది. సత్తియ్యకు అలారం వెళ్ళినట్టు కూడా తెర చూపించింది. వెళ్ళినట్టు చూపించడం వేరు, అక్కడ మోగడం వేరు. ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. స్కూటీ తీసి వానలోనే బయల్దేరింది.

గట్టెక్కేసరికి నీళ్ళకి ఆక్సిజన్ పట్టించే ఏరేటర్ల చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. సత్తియ్య తలగుడ్డ పిండుకుంటూ ఎదురొచ్చాడు.

“మోగింది కదమ్మా, మళ్ళీ ఎందుకొచ్చావ్?”

ఆమె అతని ఫోన్ అడిగి తీసుకుని, అందులో పడిన అలారాన్ని తడి చేత్తోనే ఇంకోసారి చూసుకుంది.