కుందేళ్ళ మీద తడి గోనెపట్ట

పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో నాకు బాగా అబ్బింది ఒక్కటే, పని మొదలుపెట్టే ముందు జాబితా రాయడం. తంగళ్ళపల్లిలో మా ఇంటి వెనక కట్టుకున్న షెడ్డుకు మొదటి కుందేళ్ళను తేవడానికి కోరుట్ల వెళ్ళిన రోజు కూడా జేబులో జాబితా ఉంది. పదకొండు అంశాలు. బోనుకు రెండే కుందేళ్ళు. అడుగున ఎండుగడ్డి. బయలుదేరే ముందు మేత సగం. ఎండకూ కుక్కలకూ హారన్లకూ అడ్డంగా టార్పాలిన్. ఒక్కొక్కటి చూసుకుని టిక్కు పెట్టాను.

మొత్తం పన్నెండు కుందేళ్ళు, అందులో మూడు చూడివి. చూడివాటిని దూరం తిప్పకూడదని చదువుకున్నాను. కానీ ఫారం మూసేస్తున్న ఆసామి ఆ వారంలోనే అన్నీ తీసుకుపొమ్మన్నాడు. నా షెడ్డులో మొదటి పిల్లలు ఆ మూడింటి వల్లే పుట్టాలి. కుందేలు భయంతోనే చచ్చిపోగలదని తెలుసు కాబట్టి, ట్రాలీ ఆటో నడిపే కోరుట్ల భాయ్‌కి గుంతల దగ్గర మెల్లగా పొమ్మని పదిసార్లు చెప్పాను.

"తమ్మీ, మా బేగంను కాన్పుకు తీస్కపోయినప్పుడు గూడ ఇంత మెల్లగ నడపలే," అన్నాడాయన.

జగిత్యాలలో దాణా బస్తాలు ఎక్కించుకుని మల్యాల చౌరస్తా చేరేసరికి రోడ్డు మూసి ఉంది. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. రాస్తారోకోకు పొద్దున్నే పిలుపు వచ్చిందట, బోన్లు సర్దుకునే పనిలో నేను వినలేదు. రోడ్డుకు అడ్డంగా షామియానా, డప్పులు, ఒక పక్క పొయ్యి పెట్టి వంటావార్పు. నేనూ సిరిసిల్లలో అట్లా రోడ్డు మీద కూర్చున్నవాణ్ణే, అందుకే పోనివ్వమని అడగడానికి నోరు రాలేదు. జనాన్నీ కుక్కల్నీ చూసి టార్పాలిన్‌ను నాలుగు పక్కలా ఇంకా బిగించి కట్టాను.

గంట తర్వాత తాడు విప్పి చేయి పెడితే, ఉడుకుతున్న గిన్నె మూత తీసినట్టు వేడి కొట్టింది. చెవుల్లో నరాలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ముక్కుల చుట్టూ తడి. చూడివాటిలో ఒకటి నోరు తెరిచి రొప్పుతోంది. కుందేలు నోటితో గాలి పీలుస్తోందంటే ఎక్కువ సమయం లేదు. నా పదకొండు అంశాలూ నడిచే బండి కోసం రాసుకున్నవి. ఆగిన బండి గురించి ఒక్క మాట లేదు.

షామియానా దగ్గరికి ఉరికాను. "అన్నా, ఒక్క బండి పోనియ్యుండ్రి. కుందేళ్ళు సచ్చిపోతున్నయి."

"కుందేళ్ళా? మంచి టైముకు అచ్చినవ్, కూర ఏం జేద్దామా అని చూస్తున్నం," అన్నాడు పొయ్యి దగ్గరున్న యువకుడొకడు. అందరూ నవ్వారు.

"నోర్మూయుండ్రిరా," అంది ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వ. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కనున్న ఆడవాళ్ళదీ అదే పని. "ఏమైంది కొడుకా?"

"మూడు కడుపుతోని ఉన్నయవ్వా."

లేచి నాతోపాటు బండి దగ్గరికి వచ్చింది. టార్పాలిన్ కింద చేయి పెట్టి చూసింది. "గిట్ల మూటగడితె మనిషన్న బతుకుతడా? బండి ఉరికితె గాలి అస్తది. ఆగినంక యాడికెల్లి అస్తది?"

నేను టార్పాలిన్ మిగతా తాళ్ళు విప్పసాగాను. ఆమె వెనక్కి తిరిగి, "నీడకు తేండ్రి!" అని కేక వేసింది. కూర అన్న యువకుడే ముందుగా వచ్చి బోను ఎత్తాడు. ఆరు బోన్లూ షామియానా కిందికి చేరాయి. డప్పుల వాళ్ళు రోడ్డుకు ఆ చివరకు జరిగారు.

అవ్వ తన గంప మీద కప్పిన గోనెపట్ట తీసింది. బీడీలకు నానబెట్టి కత్తిరించిన తునికాకు ఎండిపోకుండా దాన్ని తడిపి కప్పుకుంటారు. చుక్క కారకుండా పిండి, కర్రలు అడ్డం పెట్టి బోన్ల పైన పరిచింది. "ఆకుకైనా గింతే కొడుకా. తడి ఆరొద్దు, నీళ్ళు కారొద్దు."

తర్వాత చాటతో విసరబోయింది. తంబాకు ఘాటు కుందేళ్ళకు పడదని అడ్డుపడ్డాను. ఆమె చాటను మోకాలికేసి దులిపి, కొంగుతో రెండుసార్లు తుడిచి, నా ముక్కు దగ్గర పెట్టింది. "చూడు, పాసయిందా?"

పాసయింది. ఆమె విసురుతుంటే నేను తడిగుడ్డతో ఒక్కొక్కదాని చెవులు తుడిచాను. కుందేలు ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోతుంది. భాయ్ సీసా మూతతో నీళ్ళు పట్టాడు. రొప్పుతున్నది కాసేపటికి నోరు మూసింది.

సాయంత్రం రోడ్డు తెరిచారు. పట్ట ఇవ్వబోయినప్పుడు గానీ ఆమె గంపలోకి చూడలేదు. కత్తిరించిన ఆకు అంచులు ముడుచుకుని చిట్లిపోతోంది. పట్ట తీసినప్పటి నుంచి ఆమె ఒక్క బీడీ కూడా చుట్టలేదు.

"ఆకు ఎండిపోయిందవ్వా."

"ఎండితె ఎండింది తీ. పట్ట పట్కపో, వేములాడ దాక ఇంకెన్ని జాగల ఆపుతరో."

పన్నెండు కుందేళ్ళూ ప్రాణాలతో షెడ్డుకు చేరాయి. ఆ రాత్రే జాబితాలో పన్నెండో అంశం రాశాను: బండి ఆగితే, టార్పాలిన్ తీయాలి, తడి పట్ట కప్పాలి.

నెల తర్వాత దాణాకు జగిత్యాల పోతూ, ఉతికిన పట్ట తీసుకుని మల్యాల చౌరస్తాలో దిగాను. షామియానా ఇప్పుడు రోడ్డు పక్కన దీక్షా శిబిరమైంది, చాటతో అవ్వా ఉంది. చెప్పవలసింది దారిలోనే వరుసగా పెట్టుకున్నాను. "మూడిట్ల రెండు కుందేళ్ళు పిల్లలు పెట్టినయవ్వా. మొత్తం పదకొండు పిల్లలు, అన్ని మంచిగున్నయి. ఒకదానికి కడుపు పోయింది."

పదకొండు సంగతి ఆమె పట్టించుకోలేదు. "నోరు తెరిసింది గదేనా?"

"గదే."

"మేత తింటున్నదా మరి?"

"తింటున్నదవ్వా. నిన్నటి సంది మంచిగ తింటున్నది."

"గట్లయితె సరే," అని పట్ట అందుకుంది. పక్కనున్న బిందెలో ముంచి, చుక్క కారకుండా పిండి, గంపలోని ఆకు మీద కప్పింది.