సగం ఆట చూసి వచ్చేద్దామని

ఫిబ్రవరి నెలాఖరులో ఒక శుక్రవారం, ఉదయం ఎనిమిది దాటాక కాజీపేటలో ఢిల్లీ రైలెక్కాను. చేతిలో చిన్న బ్యాగు, డబ్బాలో రెండు పూటలకు సరిపడా పులిహోర. ఎందుకు వెళ్తున్నావని స్టాఫ్ రూములో అడిగితే ఫుట్‌బాల్ మ్యాచ్‌కి అన్నాను. హనుమకొండ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే యాభై రెండేళ్ల ఆడమనిషి మ్యాచ్ కోసం అంత దూరం వెళ్లడమేమిటని అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు, సెలవు మాత్రం దొరికింది.

అసలు కారణం మాధవి పంపిన వాయిస్ మెసేజి. మాధవి సుబ్బారావు గారి కూతురు. ఢిల్లీలోనే పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు అర్థమైనా జవాబు హిందీలోనే చెబుతుంది. “ఆంటీ, పాపా ఘర్ సే నికల్‌తే హీ నహీ. ఆప్ ఆయియే, ఆప్‌కీ బాత్ మానేంగే” అంది. నాన్న ఇల్లు కదలడం లేదు, మీరొచ్చి చెబితే వింటారు అని.

సుబ్బారావు గారిది అమలాపురం దగ్గర. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరయ్యారు. నాకు ఆయన పరిచయమైంది ఆఫీసులో కాదు, ఫుట్‌బాల్ స్టేడియం మెట్ల మీద. అప్పట్లో నేను ఢిల్లీలో, మునిర్కాలో అద్దె గదిలో ఉంటూ, సివిల్స్ కోచింగ్‌కి కరోల్ బాగ్ వెళ్లేదాన్ని. ఒక ఆదివారం క్లాసయ్యాక పక్క సందులోంచి పెద్ద కేకలు వినిపిస్తే ఏమిటా అని లోపలికి తొంగిచూశాను. ఎవరిదో టీ నా చున్నీ మీద ఒలికింది. నేను తెలుగులో తిట్టిన తిట్టుకి ఆరో మెట్టు మీద కూర్చున్న ఒకాయన తల తిప్పి, “మన తెలుగమ్మాయేనా? రా, ఇక్కడ చోటుంది” అన్నారు. సివిల్స్ రాలేదు గానీ ఆ ఆరో మెట్టు మూడేళ్లు నాదైంది. ప్రిలిమ్స్ పోయిన రెండుసార్లూ నేను ఏడ్చింది అక్కడే.

ఆ స్టేడియాన్ని ఆరేళ్ల క్రితం కూల్చేశారు. అక్కడ ఆడే మా క్లబ్బు నోయిడా వైపు కొత్తది కట్టుకుంది. సుబ్బారావు గారు అక్కడికి ఒక్కసారీ వెళ్లలేదు. మెట్ల మీది స్నేహితులు ఫోన్లు చేసి చేసి విసిగిపోయారు. ఈ ఆదివారం మ్యాచ్‌కి పాత ప్రేక్షకులందరినీ క్లబ్బు వాళ్లు పిలిచారు. దీనికీ వెళ్లకపోతే ఇక ఆ మనుషుల్ని ఎప్పటికీ కలవరని మాధవి భయం. నా భయం కూడా అదే.

ఎదుటి బెర్తులో మంచిర్యాల నుంచి హరిద్వార్ వెళ్తున్న ఒక పెద్దమ్మ ఉంది. నాగపూర్ దాటేసరికి నా కథంతా కూపీ లాగింది.

“కూలగొడితే కూలగొట్టిన్రు, ఇంకోటి కట్టిన్రు కద బిడ్డా?”

“కట్టిన్రు పెద్దమ్మా. ఆయనే పోతలేడు.”

“అలిగిండా?”

“అలిగిండు.”

“అయితే మనిషి పోయి పిలవాల్సిందే” అని తీర్పు చెప్పి, నా పులిహోరలో సగం తీసుకుని తన సర్వపిండి రెండు ముక్కలు ఇచ్చింది. బేరం నాకే లాభం.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి న్యూఢిల్లీలో దిగాను. నేరుగా సుబ్బారావు గారుండే వైశాలి వెళ్లాల్సినదాన్ని, మనసాగక రాజీవ్ చౌక్‌లో మెట్రో మారి ముందు కరోల్ బాగ్ వెళ్లాను. స్టేడియం ఉన్నచోట ఇప్పుడు ఆరంతస్తుల పార్కింగ్ ఉంది. లోపలికి నడుస్తుంటే సెక్యూరిటీ అతను బండి నంబరు అడిగాడు. ఇక్కడ స్టేడియం ఉండేదని చెబితే, నేను ఆటపట్టిస్తున్నానని అనుకున్నాడు పాపం.

ఆ స్టేడియం గొప్పగా ఉండేదని అబద్ధం చెప్పను. మూడు వైపులా ఇటుక మెట్లు, ఒక వైపు రేకుల షెడ్డు. వానొస్తే గోలు ముందు మడుగు. కానీ అక్కడ ఒక ఆచారం ఉండేది, అలాంటిది నేను మరెక్కడా చూడలేదు. కుర్చీలూ నంబర్లూ లేవు కాబట్టి, మావాళ్లు ఏ గోలు మీద దాడి చేస్తుంటే దాని వెనక మెట్ల మీదే మేం కూర్చునేవాళ్లం. హాఫ్ టైమ్‌లో జట్లు వైపులు మారగానే మేమూ లేచి, మైదానం చుట్టూ నడిచి అవతలి గోలు వెనక్కి వెళ్లేవాళ్లం. అవతలి జట్టు అభిమానులు ఎదురు వచ్చేవాళ్లు. నీళ్ల పంపు దగ్గర రెండు గుంపులూ కలిసినప్పుడు వెక్కిరింతలు, వేరుశెనక్కాయలు ఒకేసారి చేతులు మారేవి. ఈ నడకకి ముందు లేచేది ఎప్పుడూ సుబ్బారావు గారే. విజిల్‌కి ఒక నిమిషం ముందు ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నారంటే వెనక మూడు వందల మంది లేచేవారు.

సందు మొదట్లో ఛోలే కుల్చే బండి మాత్రం ఇంకా ఉంది. బండాయన నన్ను పోల్చుకోలేదు గానీ స్టేడియం మాట ఎత్తగానే ఉల్లిపాయలు రెట్టింపు వేశాడు. “అబ్ సండే, సండే నహీ లగ్‌తా, దీదీ” అన్నాడు, ఇప్పుడు ఆదివారం ఆదివారంలా అనిపించడం లేదని. నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఉల్లిపాయల మీదికి తోసేశాను.

మళ్లీ మెట్రో ఎక్కి పన్నెండింటికి వైశాలి చేరాను. స్టేషన్ కింద ఈ-రిక్షా మాట్లాడుకుంటే పది నిమిషాల్లో వాళ్ల అపార్ట్‌మెంటు ముందు దింపాడు. సుబ్బారావు గారు చిక్కిపోయారు. గొంతు మాత్రం అదే.

“ఏవే రమా, ఎందుకొచ్చావో తెల్సులే. మాధవి పంపింది కదూ? భోంచెయ్, రెండ్రోజులుండు, ఆ కొత్తదాని ఊసెత్తకు.”

“ఎత్తను సార్. ఎందుకు పోరో ఒక్కటి చెప్పుండ్రి.”

 మాధవి వంకాయ కూర వడ్డించి వెళ్లాక చెప్పారు. “అక్కడ నంబరేసిన కుర్చీలంట. సగంలో లేచి నడవనివ్వరంట. రెండో సగంలో మనోళ్లు అటేపు గోలు కొట్టడానికెళ్తుంటే మనం ఇటేపు కూచుని చూడాలా? వాళ్లనొదిలేసినట్టు కాదూ? నా వల్ల కాదమ్మాయ్.”

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి అంత నిజాయితీగా అలుగుతుంటే నాకు ముద్దొచ్చారు. చివరికి ఒక ఒప్పందం పెట్టాను. మొదటి సగం వరకే చూద్దాం, హాఫ్ టైమ్ కాగానే ఇద్దరం లేచి ఇంటికి వచ్చేద్దాం. రెండో సగం చూడమని బతిమాలను.

“ఒట్టు?”

“ఒట్టు.”

“ఠీక్ హై” అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి బయల్దేరాం. వైశాలిలో మెట్రో ఎక్కి, యమునా బ్యాంక్‌లో నోయిడా రైలు మారాం. మీలో ఎవరైనా వెళ్తే మొదటి పెట్టె ఎక్కండి, దిగగానే మెట్లు దగ్గర. మ్యాచ్ మూడున్నరకి. కొత్త స్టేడియం నేననుకున్నదానికంటే చాలా బాగుంది, ఆ మాట దాచడం అన్యాయం. పచ్చిక తివాచీలా ఉంది, బాత్రూముల్లో నీళ్లొస్తున్నాయి. పాత స్టేడియానికి నేను మూడేళ్లు పొద్దున్నుంచి మంచినీళ్లు తాగకుండా వెళ్లేదాన్ని.

పాతవాళ్లందరినీ ఒకేచోట కూర్చోబెట్టారు. యాభై మంది దాకా ఉంటారు. సుబ్బారావు గారిని చూడగానే బల్దేవ్ గారనే సర్దార్జీ, “రావ్ సాబ్!” అని అరిచి ఆయన్ని గట్టిగా కావలించుకున్నారు. ఇదివరకు ఆయన కూర్చునేది మా కింద మెట్టు మీదే. ఆరేళ్లు ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. అందరూ పాత ముచ్చట్లలో పడ్డారు. ఒకాయన రేకుల షెడ్డులో కోతి గురించి చెబితే, మరొకాయన అది ఒకటి కాదు, రెండు కోతులని వాదించాడు. సుబ్బారావు గారు మాత్రం మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు. ఆట బాగా సాగుతున్నా ఆయన మనసు అక్కడ లేదు. నా ఒట్టు నా మెడకే చుట్టుకుందని అర్థమైంది.

నలభై నాలుగో నిమిషంలో ఆయన లేచారు. అలవాటుగా ప్యాంటు దులుపుకున్నారు. “పదమ్మాయ్, ఇంటికెళ్దాం” అని నాకొక్కదానికే వినబడేలా తెలుగులో అన్నారు. నేను బ్యాగు తీసుకుని లేచాను.

వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. బల్దేవ్ గారు లేచారు. ఆయన వెనక వరస లేచింది, దాని వెనక వరస కూడా. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. నడుం పట్టేసినవాళ్లు పక్కవాళ్ల భుజం పట్టుకుని మరీ లేస్తున్నారు, వేరుశెనక్కాయల పొట్లాలు జేబుల్లో పెట్టుకుంటున్నారు. సుబ్బారావు గారు లేచారంటే నడక మొదలైందని వాళ్ల లెక్క.

ఆయన మెట్ల దగ్గర ఆగిపోయారు. ఎడమవైపు బయటికి పోయే గేటు, కుడివైపు స్టేడియం చుట్టూ తిరిగే వరండా. వెనక యాభై తెల్ల తలలు. ఆయన నా వైపు చూశారు. నేను బ్యాగు సర్దుకున్నాను, బతిమాలనని ఒట్టు వేసింది నేనే కదా. ఆయన గొంతు సవరించుకుని కుడివైపు తిరిగారు.

వరండా మలుపులో సెక్యూరిటీ అమ్మాయి అడ్డొచ్చింది. “అంకుల్, మీ సీట్లు అటు కాదు” అంది హిందీలో. బల్దేవ్ గారు ఆమెకి సంగతంతా వివరించారు. ఆమె వైర్‌లెస్‌లో ఎవరితోనో మాట్లాడింది, మా వరసని మొదటినుంచి చివరిదాకా చూసింది, “ధీరే చలియేగా, అంకుల్” అని, మెల్లగా నడవమని చెప్పి పక్కకి తప్పుకుంది. ఆ అమ్మాయిని చూడటానికైనా మళ్లీ వెళ్లాలనిపించింది నాకు.

అవతలి గోలు వెనక పై వరసలు ఖాళీగా ఉన్నాయి. మేం ఆయాసపడుతూ చేరేసరికి రెండో సగం మొదలై అయిదు నిమిషాలైంది. మావాళ్లు మా వైపే దూసుకొస్తున్నారు. సుబ్బారావు గారు కూర్చోలేదు, చివరిదాకా నిలబడే అరిచారు. మ్యాచ్ ఒకటీ ఒకటిగా ముగిసింది, మా గోలు మా కళ్లముందే పడింది. ఆ గోలప్పుడు ఆయనా బల్దేవ్ గారూ ఒకరి చేతులొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతారు.

సోమవారం సాయంత్రం రైలు దగ్గర దింపడానికి మాధవితో కలిసి ఆయన కూడా వచ్చారు. మాధవి నీళ్ల సీసా కొనడానికి వెళ్లినప్పుడు కిటికీ దగ్గరికి వంగి, “రమా, నేను ఇంటికెళ్దామనే లేచానని వాళ్లకి చెప్పకే” అన్నారు. “వచ్చే మ్యాచ్‌కీ నన్నే ముందు లెగమన్నారు.”

చెప్పనని మాటిచ్చాను. రైలు ఆగ్రా దాటాక ఇది రాస్తున్నాను, ఆ యాభై మందిలో తెలుగు చదవగలవాళ్లు ఒక్కరూ లేరన్న ధైర్యంతో. స్టేడియాన్ని కూల్చినవాళ్లు ఇటుకలన్నీ తీసుకుపోయారు గానీ ఈ మనుషుల్ని లేపి నడిపించేదాన్ని ఏమీ చేయలేకపోయారు. ఈ పెద్దవాళ్ల మీద నాకు గౌరవం పదింతలైంది. మీరెవరైనా ఆ వచ్చే మ్యాచ్‌కి వెళ్తే, విజిల్‌కి ఒక నిమిషం ముందు ఒక పెద్దాయన లేచి ప్యాంటు దులుపుకుంటారు. మీరూ లేచి ఆయన వెనక నడవండి. మొదటిసారి ఎందుకు లేచారని మాత్రం ఆయన్ని అడక్కండి.