కొండ మీద ఉడకని అన్నం

పోయిన వారం మా అమ్మాయి స్నేహితులతో కొండల్లోకి వెళ్తూ గరాజ్‌లోంచి చిన్న రైస్ కుక్కర్ బయటికి తీసి, "మమ్మీ, న్యూ మెక్సికోలో రైస్ పాడు చేసింది ఇదే కదా?" అని నవ్వింది. పాపం, కుక్కర్ తప్పేమీ లేదు, తప్పు నాది. ఆ సంగతి బాగా తెలిసిన మా అత్తయ్య ఇప్పుడు లేరు గనుక, నేనైనా రాసి పెట్టకపోతే ఆ ప్రయాణమంతా పాడైన అన్నంగానే మిగిలిపోతుందని ఇది రాస్తున్నాను.

2007లో మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండేవాళ్ళం. ఇంటర్‌తో చదువు ఆగిపోయి, డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చేసే వీలు లేని నాకు ఆ ఊరి లైబ్రరీయే కాలేజీ అయింది; పిల్లల పుస్తకాలతో మొదలుపెట్టి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో అరా దాటుకుంటూ పెద్దవాళ్ళ పుస్తకాల దాకా వచ్చానని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. ఎడారి కొండల్లోని పాత పల్లెల గురించి అక్కడే చదివి, మూడు రోజుల సెలవు రాగానే మావారిని ఒప్పించి, మా దగ్గర కొన్నాళ్ళు ఉండడానికి వచ్చిన అత్తయ్యనూ, ఏడేళ్ళ అమ్మాయినీ బయల్దేరదీశాను. దారి పొడుగునా నా ఉపన్యాసమే: మట్టి ఇటుకల గోడలు ఎండకు ఎలా చల్లగా ఉంటాయో, మంచు కరిగిన నీళ్ళను ఊరంతా వంతులు వేసుకుని పొలాలకు ఎలా పెట్టుకుంటారో, ఎత్తుకు వెళ్ళేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే ఎందుకు మరుగుతాయో. వంతుల మాట వినగానే అత్తయ్య, "మా కాలవ కింద కూడా అంతేగా, దానికి పుస్తకమెందుకే?" అన్నారు.

అత్తయ్యకు షుగర్. పరాయి ఇంటి వంట ముట్టరు. నేను కుక్కర్ స్విచ్ వేసిన చప్పుడు వినగానే మాత్ర వేసుకోవడం, అరగంటకు కంచం ముందు కూర్చోవడం ఆవిడ అలవాటు. రెండో రోజు మధ్యాహ్నం ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఒక పల్లెలో, ఒక పెద్దావిడ తన మట్టి ఇంట్లో అద్దెకిచ్చే గదిలో దిగి, నేను స్విచ్ వేశాను, అత్తయ్య మాత్ర వేసుకున్నారు. కుక్కర్ టక్కుమని ఆగింది గానీ మెతుకు పట్టుకుంటే పలుకు. నీళ్ళు పోసి మళ్ళీ వేశాను, మళ్ళీ అంతే. తెచ్చుకున్న పళ్ళూ బిస్కెట్లూ దారిలోనే అయిపోయాయి. మావారు ఏదైనా కొట్టు దొరుకుతుందేమోనని కారు తీసుకుని వెళ్ళారు. ఇంతలో మాత్ర వేసుకుని ఏమీ తినని అత్తయ్యకు షుగర్ పడిపోయి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. "మమ్మీ, ఇక్కడ వాటర్ తక్కువ హాట్‌కే బాయిల్ అవుతుందని నువ్వే కదా చెప్పావ్?" అంది అమ్మాయి. నోటికొచ్చిన చదువు చేతికి రాలేదు.

పరుగెత్తి తలుపు తడితే, ఆ పెద్దావిడ వచ్చి అత్తయ్య చెయ్యి పట్టుకుని చూసి, నా ఇంగ్లీషు పూర్తి కాకముందే చెంచాతో తేనె, ఆ వెనక తన వేడి రొట్టె నోటి దగ్గర పెట్టింది. అత్తయ్య ఒక్క క్షణం నా వైపు చూశారు. తర్వాత నోరు తెరిచారు.

తేరుకున్నాక ఆ ఇంటి వంటింట్లోకి వెళ్తే, పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్న ప్రెషర్ కుక్కర్ బుసలు కొడుతోంది. "చూశావా, ఈవిడ ఏ లైబ్రరీకి వెళ్ళిందే?" అన్నారు అత్తయ్య. నా పలుకు అన్నం కూడా చివరికి అందులోనే మెత్తబడింది. ఒకరిది స్పానిష్, ఒకరిది తెలుగు. సాయంత్రం దాకా ఇద్దరూ కాలవ గట్టున కూర్చుని ఏం మాట్లాడుకున్నారో గానీ, మర్నాడు బయల్దేరేటప్పుడు అత్తయ్య ప్రాణంగా చూసుకునే ఆవకాయ సీసా ఆవిడ చేతిలో పెట్టేశారు.

ఇప్పుడు ఊరి ఎత్తూ, మాత్ర వేళా, దగ్గరలోని కొట్టూ అన్నీ ఫోనే చెబుతుంది; ఎవరి తలుపూ తట్టే పని లేదు. ఆ కొండదారుల్లో గంటన్నర తిరిగి పాలూ బ్రెడ్డూ పట్టుకొచ్చిన మావారు మురళికి, ఒక్క మాటతో సరిపెట్టి మళ్ళీ ఎన్నడూ ఎత్తిపొడవని అత్తయ్య సుభద్రమ్మగారికి, అడగవలసిన ప్రశ్న అడిగిన మా మేఘనకు, విసుక్కోకుండా పుస్తకాలు వెతికి ఇచ్చిన లైబ్రరీ కారల్‌గారికి నా కృతజ్ఞతలు. ఆ పల్లెల గురించి ఏ పుస్తకంలో ఏ బొమ్మ కింద చదివానో ఇప్పటికీ చెప్పగలను. రొట్టె పెట్టిన ఆవిడ పేరు మాత్రం అడగలేదు.