గేటు ముందు నిలబడిన మనిషి

ఆ మనిషి మా గేటు ముందు మొదటిసారి నిలబడింది పోయిన వేసవి సెలవుల్లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం. వడగాలికి వీధిలో కుక్క కూడా తిరగని వేళ. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నెత్తిన తుండుగుడ్డ. అరవై దాటిన వయసు. బెల్లు కొట్టలేదు, పిలవలేదు. కింది వాటా కిటికీ వైపు చూస్తూ చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఎవరిదో ఇల్లు వెతుక్కుంటున్నాడనుకున్నాను. తర్వాతి శుక్రవారం మళ్ళీ వచ్చాడు. ఆ పై వారమూ వచ్చాడు.

నరసరావుపేటలో మేం పై వాటాలో అద్దెకుంటాం. కింద ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. ఆవిడ ఒకప్పుడు సినిమా హీరోయిన్. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను. సాయంత్రం ఇల్లు చేరాక ఆవిడ దగ్గర కాసేపు కూర్చోవడం నాకు అలవాటు. పెద్దమ్మా అని పిలుస్తాను.

ఆవిడ పుట్టింది గురజాల వైపు. తండ్రి నాటకాల్లో హార్మోనియం వాయించేవాడట. ఆయన పోయాక తల్లి ఈవిడ్ని వెంటబెట్టుకుని మద్రాసు రైలెక్కింది. మొదట గుంపు డాన్సుల్లో వెనక వరస, తర్వాత హీరోయిన్ పక్కన చెలికత్తె. అలా కొన్నేళ్ళు గడిచాక ఒక సినిమా ఆవిడ బతుకును మార్చేసింది. అందులో మొగుడు అనుమానిస్తే తట్టుకోలేక భార్య కాలువలో దూకుతుంది. నిందంతా అబద్ధమని చివర్లో తేలి, మొగుడు గట్టు మీద కూలబడి ఏడుస్తాడు. ఆడవాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చి మరీ చూశారట.

"ఆ తర్వాత నన్నెవరూ బతకనివ్వలేదు," అనేది ఆవిడ నవ్వుతూ. ప్రతి సినిమాలోనూ చివరికి చచ్చిపోయే పాత్రే. ముప్పై అయిదు దాటకుండానే తల్లి వేషాలు, ఆ పైన గయ్యాళి అత్త, ఆఖర్న టీవీ సీరియళ్ళు. మద్రాసులో తనవాళ్ళంటూ ఎవరూ మిగలక ఈ ఊరొచ్చి ఇల్లు కొనుక్కుంది.

గేటు దగ్గరి మనిషి సంగతి చెప్తే ఆవిడ ఆశ్చర్యపోలేదు. మొదటి వారమే చూశానంది. పోలీసులకు చెబుదామంటే వద్దంది. కానీ ఆ రోజు నుంచి వరండాలో కూర్చోవడం మానేసింది. పట్టపగలు కిటికీ తలుపులు మూసుకుని, అంత ఉక్కలోనూ లోపలే ఉండేది. నేను వెళ్ళి తలుపు తడితే, ముందు ఎవరని అడిగి గాని గడియ తీసేది కాదు.

చివరికి ఒక శుక్రవారం నేనే కిందికి దిగి, "ఎవరు కావాలి బాబాయ్?" అని అడిగాను.

అతను నా వైపు చూడలేదు. "ఆమె బతికుందో లేదో చూసిరమ్మంటది మా అమ్మ, వారం వారం," అన్నాడు.

లోపలికెళ్ళి ఆ మాటే చెప్పాను. ఆవిడ కిటికీ తలుపు ఓరగా తీసి గేటు వైపు చూసింది. తర్వాత, పిలువు అంది.

అతను వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే ముట్టుకోలేదు. మా వైపు ఇంటికొచ్చిన మనిషి నీళ్ళు వద్దంటే మనసులో పగ ఉన్నట్టే. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

గొంతు పెంచకుండా చెప్పుకొచ్చాడు. వాళ్ళది నాదెండ్ల దగ్గర పల్లె. తన చిన్నతనంలో ఊళ్ళోకి డేరా సినిమా వచ్చిందట. కొత్తగా పెళ్ళయిన అక్క పుట్టింటికొచ్చి, పెద్దమ్మ కాలువలో దూకే ఆ సినిమాని రోజూ వరసగా చూసిందట. మొగుడు అనుమానపు మనిషి. తిరిగి కాపురానికెళ్ళిన నెలకే ఆమె కాలువలో తేలింది.

"పొయ్యే ముందు మా అమ్మతో ఒకటే మాటంది. నేను పోతే అప్పుడాయనకి తెలిసొస్తదే అమ్మా, సినిమాలో తెలిసొచ్చినట్టు, అంది. ఆయనకేం తెలిసిరాలా. ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్ళి చేసుకున్నాడు."

పెద్దమ్మ చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ విన్నది. అతను ఆగాక అంది, "నేను దూకలేదయ్యా."

అతనికి అర్థం కాలేదు.

"ఆ కాలువలో దూకింది నేను కాదు. నాకు ఈత రాదు. ఫైటింగులు చేసే మనిషికి నా చీర కట్టి దూకించారు. కింద నీళ్ళలో వల పట్టుకుని మనుషులున్నారు. నేను గట్టు మీద గొడుగు కింద కూర్చునున్నాను."

అతను తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఏడుస్తున్నాడో, చెమటో తెలియలేదు. లేచి, "ఈ మాట మా అమ్మకి చెప్తారా?" అని అడిగాడు.

వెళ్ళొద్దని ఆవిడ్ని నేను బతిమాలాను. ఈ నేల మీద పగలూ కక్షలూ ఎంత కాలం నడుస్తాయో తెలిసినదాన్ని. ఆవిడ వినలేదు. మర్నాడే కారు మాట్లాడుకుని బయల్దేరాం. దారిలో కాలువ మీది వంతెన దాటుతుంటే ఆవిడ కళ్ళు మూసుకుంది. వేసవి కావడంతో కాలువలో నీళ్ళు లేవు. అడుగున నాచు ఎండి నల్లగా అట్టలు కట్టింది.

ఆ ఇంటి అరుగు మీద నలుగురు మగవాళ్ళు కూర్చునున్నారు. మేం దిగగానే మాటలాపేశారు. రమ్మనలేదు, దారికి అడ్డమూ రాలేదు. లోపల చీకటి గదిలో నులకమంచం మీద తొంభై ఏళ్ళ ముసలమ్మ పడుకుని ఉంది. చూపు ఆనదు. కొడుకు ఆమె చెవి దగ్గర వంగి చెప్పగానే చెయ్యి చాచి పెద్దమ్మ మణికట్టు పట్టుకుంది. పెద్దమ్మ నేల మీద కూర్చుని, ముందురోజు అతనికి చెప్పినదంతా మళ్ళీ చెప్పింది.

ముసలమ్మ అంతా విని, "మరి నా పిల్లకెవురూ చెప్పలేదే," అంది.

మళ్ళీ ఆమే అడిగింది. "అది పోయిన సంగతి నీకప్పుడు తెలుసా?"

లేదంటే సరిపోయేది. లేదంటుందనే నేను అనుకున్నాను.

"తెలుసు," అంది పెద్దమ్మ. ఆ కబురు అప్పట్లోనే మద్రాసు చేరిందట. సినిమా తీసినాయన దాన్ని గొప్పగా చెప్పుకున్నాడట. నీ నటన అంత నిజంగా ఉంది, ఎవరడిగినా ఏమీ అనకు, అని ఈవిడ నోరు మూయించాడట. "నేనూ ఏమీ అనలేదమ్మా. వేషాలు రావని భయపడ్డాను," అంది.

ముసలమ్మ వేళ్ళు ఆ చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. వాకిట్లో ఎవరో లేచి నిలబడ్డ చప్పుడైంది. నేను గుమ్మం వైపు తిరిగి చూశాను. కాసేపటికి ఆమె తనంతట తానే చెయ్యి వదిలి, "ఇంక పో," అని గోడ వైపు తిరిగింది. మమ్మల్ని సాగనంపడానికి ఎవరూ రాలేదు. కారెక్కాక చూస్తే పెద్దమ్మ మణికట్టు కమిలిపోయి ఉంది.

ఆ తర్వాత శుక్రవారాలు ఎవరూ రాలేదు. దానివల్ల నాకు నిశ్చింత కలగకపోగా, ఏం జరగబోతుందోనన్న గుబులు ఎక్కువైంది. ఈలోగా ఊళ్ళో సన్మానం చేస్తామని కొందరు పెద్దలు వచ్చారు. ఆ కాలువ దృశ్యం తెర మీద వేసి, ఆవిడకు శాలువా కప్పుతారట. ఆవిడ వాళ్ళని కూర్చోమని కూడా అనకుండా పంపించేసింది.

వానలు మొదలయ్యాక అతను ఒక్కసారి వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. తల్లి పోయిందని చెప్పాడు.

"మీరొచ్చిపోయిన కాడి నుంచి అమ్మ ఎవురితో మాట్లాళ్ళా. మీరు చేసింది మంచో చెడో నాకు తెలవట్లా," అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట ఆవిడ అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి, మద్రాసులో తనకు తెలిసిన పాతవాళ్ళకి ఫోన్లు చేయించింది. తన బదులు దూకిన మనిషి ఎక్కడున్నాడో కనుక్కోమంది. మిగిలినవాళ్ళే కొద్దిమంది. ఒకాయనకి సినిమా గుర్తుంది, ఆ మనిషి గుర్తులేడు. ఇంకొకాయన, అలా దూకేవాళ్ళలో ఒకడు ఏదో షూటింగులో నీళ్ళలోంచి మళ్ళీ పైకి రాలేదని, మనకు కావలసింది అతనో కాదో తెలియదని చెప్పాడు. పేరు అడిగాడు.

నేను ఫోను చేత్తో మూసి ఆవిడ వైపు చూశాను.

"పేరు తెలీదు," అంది. "మొహం కూడా చూళ్ళేదు. నా చీర కట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు."