నూర్పుడు మిషనుతో ఘాటీ దిగిన రోజు

ఆ ఏడు సాలూరు పైనున్న కొండ ఊళ్లలో నూర్పులు ముగిసేసరికి మా ఆయన కుడిపాదం వాచిపోయి ఉంది. ట్రాక్టర్‌కి తగిలిస్తుండగా వరి నూర్చే మిషను కొక్కెం జారి పాదమ్మీద పడింది. బ్రేకు తొక్కాల్సింది ఆ కాలితోనే. సాలూరు నుంచి డ్రైవర్ని పిలుద్దామన్నాడు. నేను పొలంలో ట్రాక్టర్ తోలేదాన్ని గానీ, మిషను తగిలించుకుని ఘాటీ రోడ్డు ఎన్నడూ దిగలేదు.

"నేను దించుతాను బావా," అన్నాను.

"ఎనకాల్నుంచి మిషను తోసేస్తాదే. పొలం కాదది."

"తోస్తాదనే కదా దానికి బ్రేకులు ఏయించినాం."

కొన్నప్పుడు ఆ మిషనుకు బ్రేకుల్లేవు. ముందటేడు ఒక మలుపులో అది ట్రాక్టర్ని నెట్టి అడ్డం తిప్పేసింది. కాలవలో ఆగబట్టి బతికాం. ఆ తరవాత లారీల షెడ్డులో దాని చక్రాలకు బ్రేకు డ్రమ్ములు పెట్టించి, బ్రేకు తీగ లాగే లీవరు సీటు పక్కన బిగించాం.

మంచు విడిచాక బయల్దేరాం. దిగుడు మొదలవకముందే ఆగి, రెండో గేరు వేశాను. పొలంలో బండి తిప్పడానికి విడివిడిగా ఉంచుకునే రెండు బ్రేకు పెడళ్లనూ గొళ్లెంతో కలిపాను. బావ మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. మిషను నెట్టగానే ముందు లీవరు లాగేదాన్ని. అది కాస్త తగ్గాక పెడలు నొక్కి వదిలేదాన్ని. మిగతా బరువంతా ఇంజనే పట్టుకునేది.

వెనక లారీ హారను మోగుతూనే ఉంది.

"బేగి పోనీయే, ఆళ్లు తిడతన్నారు. గేరు తీసీ."

"తిట్టనీ. గేరు తీస్తే మనల్ని ఆపేదేటుంది?"

వెడల్పు చోటు చూసి పక్కకి తీశాను. లారీ డ్రైవరు దాటుతూ, "ఆడమనిసికి ఇచ్చేసినావేటి!" అని నవ్వాడు. బావ తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ గేరు మార్చలేదు.

సగం దిగాక లీవరు చేతిలో వదులైపోయింది. తీగ తెగింది. వెనకనుంచి ఒక్క తోపు. క్లచ్చు తొక్కేయాలనిపించింది. తొక్కితే ఇంజను పట్టు పోతుంది. స్టీరింగు గట్టిగా పట్టుకుని, పెడలు నొక్కుతూ వదులుతూ, కొండవైపు పోసి ఉన్న కంకర గుట్టలోకి ముందు చక్రాలు ఎక్కించేశాను. బండి ఆగింది. దూకి మిషను చక్రాల కింద రాళ్లు పెట్టాను.

"ఇక్కడే ఒగ్గీసి బస్సెక్కి ఎల్లిపోదామే," అన్నాడు.

"నానొగ్గను. తీగ ఎలా కలపాలో సూడు."

గుడ్డ చుట్టిన కాలు ఈడ్చుకుంటూ మిషను కిందికి దూరాడు. తెగిన రెండు కొసల్నీ క్లాంపుతో బిగించాడు. పానాలు నేను అందించాను. లీవరు లాగి ఉంచి రాళ్లు జరిపి చూశాం. మిషను కదల్లేదు. అయినా ఆ అతుకుని నమ్మి వేగం పెంచలేదు. మిగతా దిగుడంతా మొదటి గేరులోనే. కట్టెలమోపులు నెత్తిన పెట్టుకున్న ఇద్దరాడవాళ్లు నడుస్తూనే మమ్మల్ని దాటిపోయారు.

సాలూరు చేరాక షెడ్డులో కొత్త తీగ వేయించాం.

"ఎవులు దించినారు?" అనడిగాడు మేస్త్రీ, అతుకు చూసి.

"ఇదే," అన్నాడు బావ నన్ను చూపించి. ఈసారి తల దించుకోలేదు.

కాలు నయమయ్యాక కూడా ఘాటీ దిగేటప్పుడు సీటు నాకే ఇచ్చేవాడు. ఎక్కేటప్పుడు మాత్రం తనే తోలేవాడు.