మేనమామ పలకరింపు

మా మేనమామ నీళ్లమీద ఎదురైన ప్రతి పుట్టినీ ఒకే మాటతో పలకరించేవాడు: "ఏమప్పా, చేపలు పడినాయా?" గండికోట జలాశయంలో ఎవరి వల ఎక్కడుందో ఆ మాటల్లోనే తెలిసిపోయేది. తగువులుండేవి కావు.

ఒకరోజు నేనూ మామతో పుట్టిలో ఉండగా ఎవరో కొత్తవాళ్లు ఇంజను పడవల్లో వచ్చి, దోమతెర లాంటి వలలతో పిల్లచేపల్ని కూడా ఊడ్చేస్తున్నారు. మామ అలవాటుగా కేకేశాడు. ఎవరూ పలకలేదు. ఒక పడవ మాత్రం మా మీదికి వచ్చింది. అందులోని మనిషి కత్తితో మా వల తెగ్గోసి, ఆ మొనను మా పుట్టి వెదురుబుట్టకు చుట్టిన ప్లాస్టిక్ పట్టాకు ఆనించాడు. చిల్లు పడితే మునగడమే. నాకు ఈత రాదు.

"పోతాండామప్పా, పోతాండాం" అన్నాడు మామ.

మర్నాడు మా ఊరాయన పుట్టి ఎదురొచ్చింది. "ఏమప్పా, పడినాయా?" అని ఆయనే అడిగాడు.

మామ తెడ్డు గట్టిగా పట్టుకుని, ఆయన చేతులవైపే చూస్తున్నాడు.