పొట్ట మీద గిన్నె ఉన్న రాతిమనిషి

దయ్యాలున్నాయన్నవాళ్ల మొహం మీదే నవ్వేవాణ్ణి. సమాధి రాళ్లు చెక్కి బతికినవాణ్ణి, గోరీల మధ్య కూర్చుని సద్ది తిన్నవాణ్ణి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇది నా చేత్తోనే రాస్తున్నాను.

రెండో పెద్ద యుద్ధానికి ముందు మాట. మా ఇల్లు లాల్‌దర్వాజాలో. ఒక జాగీర్దారు మెక్సికో దేశపు పాత రాతిబొమ్మ ఫొటో తెచ్చాడు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు ముడిచి, తల పక్కకు తిప్పిన మనిషి. పొట్ట మీద గిన్నె. పూజల్లో అందులో నైవేద్యం పెట్టేవారట. అది చూసి తన తోటకు కొత్త బొమ్మ చెక్కమన్నాడు.

నల్లరాతిలో చెక్కాను. గిన్నె ఇంకా రెండు వేళ్ల లోతు తవ్వాలి. అప్పుడు నా భార్య రాజమ్మకు ఏడో నెల. అంతకుముందు రెండు కాన్పులు పోయాయి.

కొత్త రోలు చేస్తే మా ఆడవాళ్లు తౌడు వేసి నూరి రాతిపొడి పోగొడతారు. మా అమ్మ ఆ గిన్నెనూ రోలనే అనుకుని, తౌడు పోసి పొత్రం తిప్పింది. లోపల పడుకున్న రాజమ్మ పొట్ట పట్టుకుని అరిచింది. అమ్మ ఆపితే నొప్పి ఆగింది. మళ్లీ తిప్పితే మళ్లీ అరుపు.

"ఒరేయ్, గా రాయిని ఇగ ముట్టకు."

"రోలు కానిదాన్ల తౌడు నూరింది నువ్వు, తప్పు రాయిదా?" అన్నాను.

మర్నాడు రాజమ్మను హుస్సేనీ ఆలంలోని పుట్టింటికి పంపి, మధ్యాహ్నం జొహర్ అజాన్ వినపడుతుండగా ఉలి పెట్టాను. అన్నానికి లేచి ఆపాను. సాయంత్రం బావమరిది ఉరికొచ్చాడు.

"బావా, అక్కకు నొప్పులొచ్చినయ్. జొహర్ అజాన్‌కు షురూ అయినయ్, మళ్ల అన్నం యాళ్లకు అవ్వే తగ్గినయ్."

గిన్నె అట్లాగే వదిలేశాను. జాగీర్దారు వచ్చి వేలు పెట్టి చూశాడు. లోతు చాలలేదు.

"ఉస్తాద్, యే తో అధూరా హై!"

"ఇగ నాతోని కాదు సర్కార్. పెండ్లాం కడుపుతోని ఉన్నది."

ఆయన పకపకా నవ్వి, మిగతా పని వేరేవాళ్లతో చేయించుకుంటానని బొమ్మను బండికెక్కించి తన దేవిడీకి, ఆ పెద్ద బంగళాకు, తీసుకుపోయాడు. అడ్డుపడే ధైర్యం నాకు లేకపోయింది.

అప్పట్నుంచి ఒకచోట కూర్చోలేకపోయాను. పత్తర్‌గట్టిలో కనపడిన ప్రతి రాతిపనివాణ్ణీ, "నిన్ను దేవిడీకి పిలిచిండ్రా?" అని అడుగుతూ తిరిగాను.

నెలలు నిండాయి. ఒక పొద్దున నొప్పులు మొదలయ్యాయి. గోడకివతల కూర్చుని విన్నాను. మూడు అరుపులు, కొంచెం నిశ్శబ్దం. మళ్లీ మూడు. మూడు దెబ్బలు కొట్టి దుమ్ము ఊదుకునే మా పనివాళ్ల లెక్క అది. మధ్యాహ్నం దాకా ఒక్కసారీ తప్పలేదు. ఉన్నట్టుండి ఆగింది. బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. ఇప్పుడు దానికే మనవలున్నారు.

ఆ రోజు ఆ దేవిడీలో ఎవరైనా ఉలి పట్టారా? నడిస్తే అరగంట దారి, అడిగితే తేలిపోయేది. ఇన్నేళ్లలో పోలేదు. ఎవరూ పట్టలేదంటే నవ్వుకునేవాణ్ణి. అవునంటే ఏం చేసేవాణ్ణో ఇప్పటికీ నాకు తెలియదు.